పొగ పెరిగితే మేఘంలో మంచు పెరుగుతుందా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకొని మొదలుపెడతాను. ఏప్రిల్ మొదటి వారంలో విశాఖపట్నం నుంచి పాడేరు వెళ్ళే దారిలో కొండవాలులు పోడు మంటల పొగతో నిండి ఉండడం చూశారు. మర్నాడు సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో నిలబడి తల ఎత్తితే చాలా ఎత్తున తెల్లని ఈకల్లాంటి మబ్బులు పరుచుకొని ఉన్నాయి. అవి మంచు స్ఫటికాలతో ఏర్పడే సిర్రస్ మేఘాలని చదువుకున్నారు కనుక, ఆ మంచు ఈ పొగ వల్లనే పుట్టిందా, పొగ పెరిగితే మంచు కూడా పెరుగుతుందా, అదే నిజమైతే మేఘమథనానికి, అంటే మేఘంలో రేణువులు చల్లి వాన రప్పించే పనికి, సిల్వర్ అయొడైడ్ బదులు బూడిదే చల్లుకోవచ్చు కదా అని అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు దాదాపుగా కాదనే. రెండవదానికి జవాబు ఎత్తును బట్టి మారుతుంది, కొన్నిచోట్ల తలకిందులవుతుంది కూడా. మూడవది పైకి కనిపించినంత అమాయకమైన ప్రశ్నేమీ కాదు కనుక దానిని చివరికి ఉంచుకున్నాను.

ముందుగా మాటతోనే ఒక చిక్కు ఉంది. తెలుగులో మంచు అంటే తెల్లవారుజామున గడ్డి మీద తడి, లంబసింగి రోడ్డు మీద కమ్ముకొనే తెర, హిమాలయాల మీద పేరుకొన్నది కూడా. ఇక పొగమంచు అన్న మాటలో పొగా ఉంది, మంచూ ఉంది. కానీ మన ప్రాంతంలో కనిపించే పొగమంచులో గడ్డకట్టిన నీరు ఏమీ ఉండదు, ఉన్నవన్నీ సన్నని నీటి తుంపరలే. ఈ జవాబులో మంచు అన్నచోటల్లా గడ్డకట్టిన నీటి స్ఫటికం అనే అర్థం చేసుకోండి. తుంపర అన్నచోట ద్రవరూపంలో ఉన్న నీరు అని అర్థం.

నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని మనమంతా బడిలో నేర్చుకున్నాం. మంచు సున్నా దగ్గర కరుగుతుంది అనడం నిజం. నీరు సున్నా దగ్గర గడ్డకట్టి తీరాలి అనడం మాత్రం నిజం కాదు. ఫ్రిజ్ పైఅరలో మూత తీయని మంచినీళ్ళ సీసాను కదపకుండా రెండు మూడు గంటలు ఉంచి, అదృష్టం కలిసివచ్చి నీరు ఇంకా ద్రవంగానే ఉన్నప్పుడు బయటికి తీసి బల్ల మీద ఒక్క దెబ్బ వేస్తే, పైనుంచి కిందికి తెల్లని తెర దిగినట్టు క్షణాల్లో సీసా అంతా మంచుపొరలతో నిండిపోవడం మీలో కొందరైనా చూసి ఉంటారు. మేఘంలోని తుంపరల పరిస్థితి ఆ సీసాలోని నీటిదే. వెంట్రుక మందంలో ఐదో వంతో అంతకంటే తక్కువో ఉండే తుంపర, అందులో వేరే పదార్థమేదీ లేకపోతే, మైనస్ 38 డిగ్రీల సెల్సియస్ దాకా నీరుగానే ఉండిపోగలదు. అమెరికాలో టెక్సస్ మీది ఉరుము మేఘాలలో మైనస్ 37.5 డిగ్రీల దగ్గర కూడా ద్రవ నీరు మిగిలి ఉండడాన్ని విమానంలో వెళ్ళి కొలిచిన ఫలితాలు 2000లో వెలువడ్డాయి. ఆ హద్దు దాటాక నీరు ఎవరి సాయమూ లేకుండా తనంతట తానే గడ్డకడుతుంది.

సున్నాకూ మైనస్ 38కీ మధ్యనే బీజాల అవసరం. నీటి అణువులు ఎప్పుడూ కదులుతూ, ఒకదానికొకటి అంటుకొని చిన్న చిన్న మంచు గుంపులుగా ఏర్పడుతూ విడిపోతూ ఉంటాయి. ఆ గుంపు ఒక పరిమాణాన్ని దాటితేనే నిలబడుతుంది. తగిన ఉపరితలం ఉన్న ఘనరేణువు ఒకటి తుంపరలో ఉంటే ఆ గుంపుకు ఆసరా దొరుకుతుంది, అంత చలి లేకపోయినా గడ్డకట్టడం మొదలవుతుంది. అలాంటి రేణువును మంచు బీజం అందాం. తుంపర ఏర్పడడానికి కావలసిన రేణువు వేరు. దానికి నీటిని పీల్చుకొనే గుణం ఉంటే చాలు. సముద్రపు ఉప్పు, సల్ఫేటు, పొగలోని లవణాలు ఏవైనా పనికివస్తాయి. దానిని చినుకు బీజం అందాం. పొగ విషయంలో జరిగే గందరగోళంలో సగం ఈ రెండు బీజాలనూ ఒకటే అనుకోవడం వల్ల వస్తున్నదే.

వీటి లెక్కలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. శుభ్రమైన సముద్రపు గాలిలో ఘన సెంటీమీటరుకు చినుకు బీజాలు వంద పరిసరాల్లో ఉంటాయి. దట్టమైన పొగలో వేలల్లోకి పోతాయి. మంచు బీజాలు మాత్రం మైనస్ 20 డిగ్రీల దగ్గర స్థూలంగా లీటరుకు ఒకటి. ఘన సెంటీమీటరుకు వెయ్యి రేణువులంటే లీటరుకు పది లక్షలు. అంటే పది లక్షల రేణువులలో ఒకటి మంచును మొదలుపెట్టగలిగితే గొప్ప. అందుకే పొగ ఎంత నల్లగా ఉంది, ఎంత దట్టంగా ఉంది అన్నది మంచు సంగతి ఏమీ చెప్పదు. ఆ పది లక్షలలో ఒకటి ఏమిటన్నదే ప్రశ్న.

పోడు మంటను దగ్గరనుంచి చూస్తే ఇది కొంత తెలుస్తుంది. నరికి ఎండబెట్టిన తుప్పలూ వెదురూ భగ్గున మండేటప్పుడు నల్లని మసి, దానితోపాటు వేడిగాలిలో ఎగిరే బూడిద పలుకులు వస్తాయి. పచ్చి మోళ్ళు, తడి ఆకులు రాత్రంతా రాజుకుంటూ ఉన్నప్పుడు కంటిని మండించే తెల్లని పొగ వస్తుంది. అందులో మసి తక్కువ, సేంద్రియ పదార్థం ఎక్కువ. మొత్తం మీద పంటచేలు, అడవులు కాలిన పొగలో బరువు ప్రకారం అత్యధిక భాగం సేంద్రియ పదార్థమే. మసి సాధారణంగా పదో వంతు, లేదా అంతకంటే తక్కువ. మిగిలినది పొటాషియం లవణాల వంటివి, కొద్దిపాటి ఖనిజాలు. కర్రలోని సెల్యులోజ్ వేడికి విరిగినప్పుడు పుట్టే లీవోగ్లూకోసాన్ అనే చక్కెర జాతి పదార్థం కూడా ఇందులో ఉంటుంది. గాలి నమూనాలో అది కనిపిస్తే ఎక్కడో కట్టెలో గడ్డో కాలిందని గుర్తుపడతారు. ఈ చక్కెర సంగతి గుర్తుంచుకోండి, పైకి వెళ్ళాక మళ్ళీ అవసరమవుతుంది.

ఇప్పుడు ఈ పొగ ఒక ఎదుగుతున్న వేసవి మేఘం అడుగుభాగంలోకి చేరిందనుకుందాం. మొదట జరిగేది మంచుకు సంబంధించినది కాదు. ఉన్న నీటినే ఎక్కువ చినుకు బీజాలు పంచుకోవలసి వస్తుంది కనుక తుంపరలు సంఖ్యలో పెరిగి, పరిమాణంలో తగ్గిపోతాయి. చిన్న తుంపరలు ఒకదానినొకటి ఢీకొని కలిసిపోవడం కష్టం, అందువల్ల వాన ఆలస్యమవుతుంది. అమెజాన్ అడవుల మీద జరిపిన కొలతలను 2004లో ప్రచురించినప్పుడు ఈ తేడా చాలా స్పష్టంగా బయటపడింది: శుభ్రమైన గాలిలో మేఘం అడుగు నుంచి సుమారు 1.5 కిలోమీటర్ల ఎత్తులోనే వాన చుక్కలు తయారవడం మొదలైతే, పొగ పట్టిన మేఘాలలో అది 5 కిలోమీటర్లు దాటింది, మంటల మీదనే నేరుగా లేచిన మేఘాలలో 7 కిలోమీటర్లు దాటింది. అంతకు ముందే, 1999లో, ఇండోనేషియాలోని కాలిమంతాన్ అడవుల పొగ వానను అణచివేయడాన్ని ఉపగ్రహ చిత్రాలలో చూపించారు. కాబట్టి పొగ మొదట చేసే పని నీటిని ద్రవరూపంలోనే, సన్నని తుంపరలుగానే, ఇంకా పైకి, ఇంకా చలిలోకి మోసుకుపోవడం. అంటే మేఘం మధ్య అంతస్తులో పొగ మంచును పుట్టించడం కంటే ఆలస్యం చేయడానికే ఎక్కువ అవకాశం ఉంది.

దీనికి తోడు మరొకటి ఉంది. పాఠ్యపుస్తకాలలో పెద్దగా కనిపించదు కానీ నాకు చాలా ఇష్టమైన విషయం. మేఘాలలో మంచు స్ఫటికాల సంఖ్య ఒక్కోసారి అక్కడ ఉండే మంచు బీజాల సంఖ్యకు వందలు, వేల రెట్లు ఉంటుంది. బీజం ఒకటైతే మొలకలు వెయ్యి ఎలా వచ్చాయి? 1974లో హాలెట్, మోసప్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక కారణం చూపించారు. మైనస్ 3కూ మైనస్ 8కీ మధ్య ఉష్ణోగ్రతలో, కిందికి జారుతున్న మంచు పలుకు తనకు తగిలిన తుంపరలను అంటించుకొని గడ్డకట్టించుకుంటూ పోయేటప్పుడు సన్నని మంచు పెళుసులు చిట్లి బయటికి ఎగురుతాయి. ఒక్కో పెళుసు మళ్ళీ కొత్త స్ఫటికానికి మొదలు. అయితే ఈ చిట్లడం జరగాలంటే తగిలే తుంపరలలో కొన్నైనా 24 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైబడిన వ్యాసంతో ఉండాలి. పొగ వల్ల తుంపరలు చిన్నవైపోతే ఈ గొలుసు తెగిపోతుంది. అంటే పొగలో నాలుగు మంచు బీజాలు అదనంగా వచ్చినా, ఇక్కడ పోయే మంచు వాటి లెక్కకు అందనంత ఎక్కువ కావచ్చు. పొగ పెరిగితే మంచు పెరుగుతుందన్న సూటి లెక్క నాకు నచ్చకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఇక ఆ నాలుగు బీజాల సంగతి. దీనిని ప్రయోగశాలలో చూసే పద్ధతి ఇంత పెద్ద విషయానికి నవ్వు తెప్పించేంత చిన్నది. గాజు పలక మీద పలుచగా వాజిలిన్ పూసి, ఆవగింజంత నీటి చుక్కలను వరసలుగా పెట్టి, కింద ఉన్న లోహపు పళ్ళేన్ని నెమ్మదిగా చల్లబరుస్తూ పైనుంచి కెమెరాతో చూస్తుంటారు. గాజుపూసలా మెరుస్తున్న చుక్క గడ్డకట్టిన క్షణంలో పాలచుక్కలా తెల్లబడిపోతుంది. ఏ చుక్క ఏ ఉష్ణోగ్రత దగ్గర తెల్లబడిందో రాసుకుంటూ పోవడమే మొత్తం పని. కొన్నేళ్ళ క్రితం ఒక మిత్రుడు పాడేరు వైపు నుంచి పోడు బూడిదను కాగితం పొట్లంలో కట్టి తెచ్చిస్తే, అలాంటి పళ్ళెం మీద చూశాం. వేళ్ళ మధ్య నలిపితే కట్టె బూడిదలా మెత్తగా కాక, పూర్వం పళ్ళు తోముకొనే ఊక బూడిదలా కాస్త గరగరలాడింది. గడ్డి, వెదురు, వరి జాతి మొక్కలు నేల నుంచి సిలికాను పీల్చి తమ కాండంలో, ఆకుల్లో దాచుకుంటాయి కనుక వాటి బూడిదకు ఆ గరుకుదనం ఉంటుంది. మొదటిరోజు బూడిద కలిపిన చుక్కలు త్వరగా తెల్లబడడం చూసి మేము సంతోషించాం. తీరా పక్క వరసలోని శుభ్రమైన నీటి చుక్కలు కూడా దాదాపు అంతే త్వరగా తెల్లబడ్డాయి. కిటికీ తెరిచి ఉంచాం, గది దుమ్ము వాటిలో పడింది. మర్నాడు కిటికీలు మూసి, నీటిని మళ్ళీ వడగట్టి చేస్తే రెండు వరసలకూ తేడా కనిపించింది.

ఈ అనుభవం నుంచి రెండు సంగతులు చెప్పవచ్చు. ఒకటి, మంచు విషయంలో మామూలు మట్టి దుమ్ము చాలా సమర్థమైనది. అందులో పొటాషియం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పాత్ర ముఖ్యమైనదని 2013లో తేలింది. పెద్ద మంట లేచినప్పుడు దాని చుట్టూ వీచే గాలి నేలమట్టిని కూడా పైకి లేపుతుంది కనుక, మంట పొగలో దొరికిన మంచు బీజాలన్నీ కాలిన ఆకు నుంచి వచ్చినవే అనుకోవడానికి వీలులేదు. రెండవది, పొయ్యి అడుగున మిగిలిన బూడిద వేరు, గాలిలో కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కే సన్నని రేణువు వేరు. అయినా ఆ రెండింటికీ సంబంధం లేకపోలేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన పనిలో, మొక్కలు మండేటప్పుడు ఆ వేడికి మంచును పుట్టించగల ఖనిజాలు కొత్తగా తయారవుతాయని, అవి బూడిదలోనే కాక పొగ రేణువులలో కూడా ఉంటాయని, ముఖ్యంగా పొడవైన గడ్డి జాతులు కాలినప్పుడు ఎక్కువగా కనిపిస్తాయని తేలింది. మరుసటి ఏడాది వచ్చిన మరో పనిలో, పొగ గాలిలో పాతబడేకొద్దీ మంచు బీజంగా దాని సామర్థ్యం పెరగవచ్చని కనిపించింది. కొత్త పొగలో ఖనిజం మీద జిగురులాంటి సేంద్రియ పూత ఉంటుంది. ఎండకు, గాలిలోని ఆక్సీకరణానికి ఆ పూత మారిపోయేకొద్దీ అడుగున ఉన్న ఖనిజం బయటపడుతుందన్న వివరణ నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

మరి మసి? చాలామంది అనుకొనేదానికి విరుద్ధంగా, మైనస్ 38 కంటే వెచ్చని మేఘాలలో మసి చాలా నాసిరకం మంచు బీజం. అయితే ఆ హద్దు కిందికి దిగితే దాని కథ మారుతుంది. మసి రేణువు ఒక ముద్ద కాదు. సన్నని గోళాలు ద్రాక్షగుత్తిలా అంటుకొని ఉన్న రూపం. ఆ గోళాల మధ్య నానోమీటర్లలో కొలవవలసిన సందులు ఉంటాయి. ఇరుకైన సందులోకి నీటి ఆవిరి, బయట గాలి ఇంకా సంతృప్తం కాకముందే, ద్రవంగా చేరి నిలుస్తుంది. బయట మైనస్ 38 కంటే చలిగా ఉంటే ఆ సందులోని నీరు తనంతట తానే గడ్డకట్టి, సందు నోటి నుంచి మంచుగా బయటికి పెరుగుతుంది. అదే మసికి సేంద్రియ పూత దట్టంగా పట్టి సందులు పూడిపోయి ఉంటే ఈ దారి మూసుకుపోతుంది; కట్టెపొగ మసికి సాధారణంగా పట్టే గతి ఇదే.

ఇక్కడినుంచి మీరు చూసిన ఈకల మబ్బుల అంతస్తులోకి వచ్చినట్టే. విశాఖ మీద ఏప్రిల్‌లో సున్నా డిగ్రీల మట్టం నేల నుంచి దాదాపు 5 కిలోమీటర్ల దగ్గర, మైనస్ 38 డిగ్రీల మట్టం పదీ పదకొండు కిలోమీటర్ల మధ్య, వాతావరణపు మొదటి అంతస్తు పైకప్పు అయిన ట్రోపోపాజ్ 16, 17 కిలోమీటర్ల దగ్గర ఉంటాయి. ఆ పైకప్పు దగ్గర చలి మైనస్ 80 డిగ్రీల పరిసరాల్లో ఉంటుంది. అంత చలిలో బీజం లేకుండా కూడా మంచు పుడుతుంది కదా, మరి పొగతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని తేమ దగ్గర వస్తుంది. అక్కడ తుంపరలు ఉండవు, సల్ఫేటు వంటి పదార్థాలు కరిగిన అతిసూక్ష్మమైన ద్రావణ బిందువులు ఉంటాయి. అవి వాటంతట అవి గడ్డకట్టాలంటే గాలిలో తేమ, మంచు దృష్ట్యా సంతృప్తమైన స్థాయికి ఒకటిన్నర రెట్ల పరిసరాలకు చేరాలి. చలి పెరిగేకొద్దీ అంతకు మించి కావాలి. మంచు బీజం దొరికితే అంతకంటే చాలా తక్కువ తేమకే స్ఫటికం మొదలవుతుంది. అంటే ఇక్కడ బీజం చలికి బదులు తేమను ఆదా చేస్తుంది.

ఇందులో సేంద్రియ పొగ రేణువు ఏ స్థితిలో ఉందన్నది ముఖ్యం. దీనిని అర్థం చేసుకోవడానికి వేరుసెనగ అచ్చు చేసేటప్పటి బెల్లం పాకం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పొయ్యి మీద ఉన్నంతసేపు పాకం సాగుతూ ఉంటుంది. పళ్ళెంలో పోసి చల్లారిస్తే గాజులా గట్టిపడి, విరిస్తే టక్కున విరుగుతుంది. అదే అచ్చును ఆషాఢమాసంలో డబ్బా మూత పెట్టకుండా వదిలేస్తే తేమ పీల్చుకొని మళ్ళీ జిగటగా మారిపోతుంది. అది స్ఫటికం కాదు, పూర్తి ద్రవమూ కాదు. పొగలోని సేంద్రియ పదార్థం, అందులోని చక్కెర జాతి అణువులతో సహా, ఇలాగే ప్రవర్తిస్తుంది. నేల దగ్గర వేడిలో, తేమలో జిగటగా ఉన్న రేణువు, పది కిలోమీటర్ల పైన చలికి, పొడి గాలికి గాజులా గట్టిపడుతుంది. గట్టిపడిన ఉపరితలం మీద ఆవిరి నేరుగా మంచుగా పేరుకోవచ్చు. తేమ త్వరగా పెరిగి రేణువు మెత్తబడిపోతే ఆ అవకాశం పోయి, అది మామూలు ద్రావణ బిందువులా తనంతట తాను గడ్డకట్టే దాకా ఆగవలసిందే. కాబట్టి ఒకే పొగ, ఒకే ఎత్తులో, గాలి ఎంత వేగంగా పైకి లేస్తోంది అన్నదాన్ని బట్టి బీజం అవుతుంది, కాకపోతుంది.

ఇది ఊహ మాత్రమే కాదని చూపిన పరిశీలనలలో నాకు అన్నిటికంటే గట్టిదిగా కనిపించేది సైప్రస్ దేశంలోని లిమసోల్ నగరం మీద 2020 అక్టోబరు 27 నుంచి నవంబరు 3 దాకా లైడార్‌తో చేసినది. లైడార్ అంటే లేజర్ కాంతిని పైకి పంపి, తిరిగివచ్చిన కాంతిని బట్టి ఏ ఎత్తులో ఏ రేణువులున్నాయో చెప్పే పరికరం. మన దగ్గర తిరుపతి సమీపంలోని గాదంకిలో అలాంటిది 1998 నుంచి సిర్రస్ మేఘాలను చూస్తూ వచ్చింది. ఉత్తర అమెరికా కార్చిచ్చుల పొగ అట్లాంటిక్, మధ్యధరా సముద్రాలు దాటి లిమసోల్ మీదికి వచ్చినప్పుడు, రెండు మూడు కిలోమీటర్ల మందమున్న పొగ పొరలో ఎక్కువ భాగం ట్రోపోపాజ్ పైనే ఉన్నా, దాని అడుగు భాగం ట్రోపోపాజ్ కిందికి దిగిన చోట, మైనస్ 47కూ మైనస్ 53కూ మధ్య ఉష్ణోగ్రతలో సిర్రస్ పుట్టుకొచ్చింది. గాలి అలల వల్ల 100 నుంచి 200 మీటర్లు పైకి లేస్తే చాలు, ఆ పొగ మీద మంచు పుట్టడానికి సరిపోతుందని లెక్కలలో తేలింది. లీటరుకు ఒకటి నుంచి వంద స్ఫటికాల దాకా.

అయితే అంత ఎత్తుకు పొగ ఎలా చేరింది? పెద్ద కార్చిచ్చు వేడికి దాని మీదనే క్యుములోనింబస్ అనే ఎత్తైన ఉరుము మేఘం లేచి, పొగగొట్టంలా పనిచేసి, పొగను నేరుగా పై అంతస్తుకు చిమ్మడం ఒక దారి. 2017 ఆగస్టు 12న కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇదే జరిగింది. 2019 డిసెంబరు చివర, 2020 జనవరి మొదట్లో ఆగ్నేయ ఆస్ట్రేలియా మంటలు అంతకంటే ఎక్కువ పొగను పంపాయి. అక్కడ చేరిన మసి ఎండను పీల్చుకొని వేడెక్కి, చుట్టూ ఉన్న గాలిని కూడా తనతో పాటు ఇంకా పైకి తేలుస్తుంది. ఆస్ట్రేలియా పొగలో ఒక భాగం అలా 35 కిలోమీటర్ల దాకా ఎక్కింది.

పొగ బీజాలు దొరికినంత మాత్రాన సిర్రస్ దట్టమవుతుందా అంటే, అదీ ఒకే దిక్కుగా లేదు. బీజాలు లేని గాలి బలంగా పైకి లేస్తే తేమ ఆ ఒకటిన్నర రెట్ల హద్దును తాకి, ఒక్కసారిగా లీటరుకు వందల్లో, వేలల్లో సన్నని స్ఫటికాలు పుడతాయి. కొద్దిపాటి పొగ బీజాలు ఉంటే అవి ముందుగానే మంచు పట్టించుకొని, ఉన్న ఆవిరినంతా తాగేసి, తేమను ఆ హద్దు దాకా పెరగనివ్వవు. అప్పుడు స్ఫటికాల సంఖ్య తగ్గుతుంది, ఒక్కొక్కటి పెద్దదై త్వరగా కిందికి రాలిపోతుంది, మేఘం పలుచబడుతుంది. గాలి నెమ్మదిగా లేచి, ఎలాగూ ఆ హద్దును చేరలేని రోజున మాత్రం, పొగ లేకపోతే పుట్టని మేఘం పొగ వల్ల పుడుతుంది. లిమసోల్‌లో చూసినది ఈ రెండవ రకమని నా అభిప్రాయం. పలుచని సిర్రస్ నేల వేడిని పట్టి ఉంచుతుంది కనుక పొగ వల్ల భూమి వేడెక్కుతుందా చల్లబడుతుందా అన్నది కూడా ఈ రెండింటిలో ఏది ఎన్ని రోజులు జరిగింది అన్నదానిని బట్టే ఉంటుంది.

ఇప్పుడు మళ్ళీ పాడేరు దారికి వద్దాం. పోడు మంటలు చిన్న చిన్న మడులలో, వేర్వేరు రోజులలో మండేవి. వాటి వేడి క్యుములోనింబస్‌ను నిలబెట్టేంతది కాదు. ఆ పొగ పగటి ఎండకు నేల దగ్గరి గాలి కలిసిపోయే మందం వరకు, అంటే వేసవిలో రెండు మూడు కిలోమీటర్ల దాకా ఎక్కి, అక్కడ పొరలా ఆగుతుంది. సాయంత్రం కైలాసగిరి మీదినుంచి పడమటి వైపు చూస్తే కొండల వెనక కనిపించే మురికి గోధుమ రంగు పట్టీ అదే. జనవరిలో భోగిమంటల పొగకైతే ఆ అవకాశం కూడా లేదు, కొన్ని వందల మీటర్ల దగ్గరే చల్లగాలి మూత పడి ఉంటుంది. మీరు చూసిన సిర్రస్ అంతకు ఎన్నో కిలోమీటర్ల పైన ఉన్నది. అది వందల కిలోమీటర్ల దూరంలో ముందురోజు లేచిన ఏదో ఉరుము మేఘపు తలకట్టు చిరిగి, పైగాలికి కొట్టుకువచ్చినది కావచ్చు, లేదా పై అంతస్తు గాలిలోనే వచ్చిన తేమ కావచ్చు.

పోడు పొగ పైకి చేరే ఒకే ఒక దారి, ఏప్రిల్, మే నెలల్లో మన్యం మీద మధ్యాహ్నాలు లేచే ఉరుము మేఘాలు. అవి కింది గాలిని పీల్చి పది, పన్నెండు కిలోమీటర్లకు చిమ్ముతాయి. కానీ దారిలో నీటికి మచ్చికైన రేణువులన్నీ తుంపరలకు బీజాలై, చాలా భాగం వానతో నేలకు దిగిపోతాయి. పైన బయటపడేది మిగిలిన కొద్దిపాటి మాత్రమే. మేఘం లోపల మాత్రం పొగ ముద్ర ఉండవచ్చు. 1998 వేసవిలో మెక్సికో మంటల పొగ పీల్చిన అమెరికా ఉరుము మేఘాలలో, నేలకు ధనావేశాన్ని తెచ్చే పిడుగుల వాటా మామూలు కంటే బాగా పెరిగిందని గుర్తించారు; మేఘంలో విద్యుత్తు పుట్టేది మంచు పలుకుల రాపిడి వల్లనే కనుక మంచు, తుంపరల పొత్తు మారిందని దాన్ని బట్టి అనుకోవచ్చు. పొగ వల్ల గడ్డకట్టడం పైకి జరిగి, అప్పుడు విడుదలయ్యే వేడి మేఘానికి కొత్త బలమిస్తుందన్న వాదన కూడా ఉంది. దాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి. నేను దానిని పెద్దగా నమ్మే పక్షంలో లేను.

మీరే ఒకసారి పరీక్షించి చూడాలంటే, విశాఖ నుంచి రోజూ ఉదయం 5:30, సాయంత్రం 5:30 వేళలకు పంపే బెలూన్ కొలతలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఈకల మబ్బు కనిపించిన రోజు లెక్కలు తీసి, గాలి తేమ ఏ ఎత్తులో పెరిగింది, ఆ ఎత్తులో గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది, కింద పొగ పొర ఎక్కడ ఆగింది అన్నవి చూడండి. ఒక జాగ్రత్త: ఆ పట్టికలో తేమ శాతం నీటి దృష్ట్యా ఇచ్చినది. మైనస్ 40 దగ్గర 70 శాతం అని కనిపిస్తే పొడిగాలి అనుకొనేరు. మంచు దృష్ట్యా అది అప్పటికే 100 దాటిపోయింది. పాత పరికరాలు ఆ చలిలో తేమను తక్కువగా చూపేవి కూడా. ఆ అంకెలను నమ్మి, పైన ఏమీ లేదని రాసి, బయటికి వచ్చి చూస్తే ఆకాశం నిండా సిర్రస్ కనిపించిన సాయంత్రాలు నా ఉద్యోగంలో ఒకటి రెండు కావు.

ఇక బూడిదతో మేఘమథనం. సిల్వర్ అయొడైడ్‌ను 1946లో బెర్నార్డ్ వానెగట్ ఎంచుకున్నది దాని స్ఫటిక నిర్మాణం మంచు స్ఫటికానికి దగ్గరగా ఉందని. అది మైనస్ 5 డిగ్రీల పరిసరాల నుంచే పనిచేయడం మొదలుపెడుతుంది, ఒక్క గ్రాము నుంచి లక్షల కోట్ల బీజాలు వస్తాయి. బూడిదలో పనికివచ్చే ఖనిజం ఉన్నా, అది మేలుకొనే ఉష్ణోగ్రత ఇంకా చాలా కింద ఉంటుంది. ఈలోగా ఆ ఒక్క బీజం కోసం దానితోపాటు చల్లవలసివచ్చే పొటాషియం లవణాల వంటి చినుకు బీజాలు తుంపరలను ఇంకా చిన్నవి చేస్తాయి. వాన రప్పించాలని వెళ్ళి, దాన్ని ఇంకా పైకి నెట్టి వచ్చినట్టవుతుంది. ఆ బూడిదను మేఘానికి కాక మీ పెరట్లో అరటిచెట్టు మొదట్లో వేసుకోండి. పొటాషియం దానికైనా పనికివస్తుంది.